మూడుసార్లు పిలిచిన పేరు

మందులు ఆపి తొమ్మిది నెలలయింది. నా ఒంట్లో ఇక రోగం లేదని, ఏడాదికోసారి వచ్చి చూపించుకుంటే చాలని వేలూరు ఆసుపత్రిలో కాగితం రాసి ఇచ్చారు. ఆ కాగితం బీరువాలో చీరల కింద ఉంది. కుడిచెయ్యి మాత్రం తిరిగి రాలేదు. ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంటాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెన్ను ఇరికించి, రోజుకు అరపేజీ చొప్పున ఇది రాస్తున్నాను.

తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. నేను పుట్టింది పలమనేరులో. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. పెళ్ళయి తమిళనాడులోని గుడియాత్తం వచ్చాక చూస్తే, అత్తవారింట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ చదవడం ఒక్కరికీ రాదు. మా ఆయన మునిరత్నం మేస్త్రి. ఇళ్ళు కట్టడం వాళ్ళకు తాతల నాటి పని. కూలీల పేర్లు, సిమెంటు మూటల లెక్క అన్నీ తమిళంలోనే రాసుకుంటాడు. మా అమ్మాయి హేమ తమిళ బడిలో చదువుతోంది. మా అత్తకు ఏ భాషలోనూ అక్షరం తెలియదు. కాబట్టి ఈ నోటుబుక్కు కుట్టుమిషను మీద తెరిచి పెట్టి పోయినా ఎవరూ చదవలేరు. ఈ ఇంట్లో నేను దాచుకోకుండా ఉండగలిగే చోటు ఇదొక్కటే.

అందుకని ముందుగా ఆ మాట రాసేస్తాను. నాకు వచ్చింది కుష్టు. నా గురించి చెప్పుకుంటూ ఈ మాట పైకి అన్నది ఇంతవరకూ లేదు.

ఆడి నెల

మా ఇంట్లో నెలలన్నీ తమిళ లెక్కే. ఆడి అంటే దగ్గరదగ్గర మన ఆషాఢం. తర్వాతి నెల ఆవణిలో పెళ్ళిళ్ళు ఉంటాయి కాబట్టి ఆడిలో జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు ఎక్కువ. ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని అప్పటికి పదిహేనేళ్ళుగా కుడుతున్నాను. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ఎప్పుడూ పని నేర్చుకోవడానికి వస్తూ ఉండేవాళ్ళు. అప్పుడు వచ్చే అమ్మాయి పేరు వళ్ళి.

ఆ రోజు పసుపుపచ్చ పట్టుజాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. బట్ట మీద ఎర్రగా కనిపించింది. లోపలి గుడ్డ రంగు దిగుతోందనుకుని ఇంకా కుట్టుకుంటూ పోయాను.

"అక్కా, యేలు చూసుకో. రత్తం కారతా ఉండాది," అంది వళ్ళి.

చూస్తే మిషను సూది చిటికెన వేలి అంచులో దిగి, విరిగి, ముక్క లోపలే ఉంది. నాకు నొప్పి లేదు. వళ్ళి కళ్ళు మూసుకుంది. నేను ఆ ముక్కను బట్టలోంచి పీకినట్టు పీకేశాను. రక్తం ఆగాక, నొప్పి లేకపోవడం గురించి ఆలోచించడానికి కూడా తీరిక చేసుకోలేదు. ఆ పట్టుజాకెట్టు మరక ఎట్లా పోగొట్టాలా అన్నదే నా దిగులు.

మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఒకటి అంతకు రెండేళ్ళ ముందు నుంచే ఉంది. ఊళ్ళో ఒక డాక్టరు దాన్ని చూసి "తేమల్" అన్నాడు. మనం శోభి అంటాం, అది. పూతమందు ఇచ్చాడు. తేమల్ అన్న మాట ఎంత చిన్నది, ఎంత ఇంటి మాట. ఆ మాట మీద భరోసాతో రెండేళ్ళు పూతమందు రాసుకున్నాను. ఆ మచ్చ మీద ఒక్కసారి సూది మొనతో తాకి చూసుకుని ఉంటే ఈరోజు నా వేళ్ళు చాచగలిగేదాన్ని. కుట్టుపనిదాన్ని, సూదులు నా చుట్టూ ఎప్పుడూ ఉన్నాయి.

ఇంకొకటి కూడా రాయాలి. పని నేర్చుకునే అమ్మాయిలు కుట్టు వంకరగా వేస్తే నేను తిట్టేదాన్ని. "ఏంది ఈ కుట్టు, కుష్టోళ్ళు కుట్టినట్ల ఉండాది" అనేదాన్ని. పదిహేనేళ్ళు అన్నాను. వాళ్ళు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. మా అత్త వాకిట్లో కూర్చుని వింటూ ఉండేది. ఆమె నవ్విన గుర్తు లేదు.

ఐప్పసి

ఐప్పసిలో, అంటే మన ఆశ్వయుజంలో, వానలు మొదలయ్యే సరికి బొత్తాములు పెట్టడం చేతకాలేదు. చిటికెన వేలు నా మాట వినడం మానేసింది. మా ఆయనకు అప్పుడు బాగాయంలో ఒక ఇంటి పని నడుస్తోంది. రోజూ బండి మీద వేలూరు మీదుగానే పోతాడు. ఒకరోజు నన్నూ ఎక్కించుకుని పెద్దాసుపత్రి గేటు దగ్గర దించి, "చూపించుకోని ఉండు, మధ్యాన్నం వస్తా," అని పోయాడు.

ఆ ఆసుపత్రి వరండాల్లో మనుషులు ఏ దేశం నుంచైనా వచ్చి ఉంటారు. గోడల మీద తమిళం, తెలుగు, హిందీ, బెంగాలీ అన్నీ రాసి ఉంటాయి. నన్ను ఒక గదిలోంచి ఇంకో గదికి పంపారు. చివరి గదిలో డాక్టరమ్మ నా కళ్ళు మూసుకోమంది. "తాకినప్పుడల్లా చెప్పమ్మా," అంది తమిళంలో. నేను కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. ఆమె ఎంతకూ మొదలుపెట్టడం లేదని అనుకున్నాను. కాసేపటికి కళ్ళు తెరవమంది. చేతి మీద పెన్నుతో పది చోట్ల చుక్కలు పెట్టి ఉన్నాయి. అన్ని చోట్లా తాకిందట.

తమిళంలో దీన్ని "మరత్తుపోవడం" అంటారు. మరం అంటే చెట్టు, కొయ్య. మనం మొద్దుబారడం అంటాం. మొద్దన్నా కొయ్యే. రెండు భాషల వాళ్ళూ స్పర్శ పోయిన ఒంటిని కొయ్య కిందే జమకట్టారని నాకు అప్పుడు తోచింది. కొయ్యను కొట్టవచ్చు, కాల్చవచ్చు, అవతల పారేయవచ్చు.

డాక్టరమ్మ తన పక్కనున్న విద్యార్థులకు ఇంగ్లీషులో ఏదో చెప్పింది. వాళ్ళు నా మోచేతి దగ్గర నరాన్ని ఒక్కొక్కరూ తడిమి చూశారు. తర్వాత నాతో, "తొళునోయ్, అమ్మా. గుణమవుతుంది," అంది. ఆ మాట గోడల మీద చూశాను గానీ మా ఇళ్ళలో ఎవరూ వాడరు. పుస్తకాల తమిళం అది. నేను అర్థం కానట్టు చూస్తుంటే ఆమె ఆగి, వచ్చీరాని తెలుగులో, గొంతు తగ్గించి, "కుష్టు," అంది.

ముందు మాటకు నాకేమీ కాలేదు. రెండో మాటకు కుర్చీ అంచు పట్టుకున్నాను. రోగం మాత్రం ఒకటే.

ఆ గదిలో ఎస్తర్ సిస్టర్ అని ఒకామె ఉండేది. చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్ళతో మాట్లాడి మాట్లాడి తెలుగు బాగా పట్టుబడింది ఆమెకు. నన్ను పక్కకు తీసుకుపోయి, నీళ్ళిచ్చి, మందుల అట్టలు చూపించింది.

"మందు మొదలుపెట్టినాక మీనుంచి ఎవురికీ రాదమ్మా. బిడ్డను దగ్గిర పడుకోబెట్టుకోండి. అందరితో కలిసి తినండి," అంది. లేచి వస్తుంటే మళ్ళీ పిలిచి, "బయట ఎవురన్నా అడిగితే చర్మం ట్రబుల్, నరాల ట్రబుల్ అని చెప్పండి చాలు. ఆ పేరు చెప్పాల్సిన పని లేదు," అంది.

ఆమె ఎంత మంచిదో నాకు మాటల్లో చెప్పడం రాదు. కానీ అందరితో కలిసి తినమన్న నోటితోనే పేరు దాచమంది. ఆమె చెప్పింది నా మేలు కోరే. దాచమన్నప్పుడే నాకు తెలిసిపోయింది, కలిసి తినడం జరగదని.

ఆంధ్రా నుంచి వచ్చేవాళ్ళ కోసం అచ్చువేసిన తెలుగు కరపత్రం ఒకటి ఇచ్చారు. తమిళంది కావాలా అని అడిగారు. వద్దన్నాను. ఇంట్లో ఎవరూ చదవలేనిదే నాకు కావలసింది.

మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. రోడ్డవతల టీ అంగడి దగ్గర నిలబడి చెప్పాను.

"పెద్దరోగం అంట, మామా."

ఆయన గ్లాసు కింద పెట్టి చుట్టూ చూశాడు. "మెల్లగా చెప్పు," అన్నాడు. "నయమవుతుందంట్నారా?" అని అడిగాడు. అవుతుందంటున్నారని చెప్పాను. "సరే. ఇంటికాడ నరాల వీక్‌నెస్ అని చెప్పు. అమ్మకు గూడ అదే చెప్పు. ఆ మాట ఇంగ ఎత్తొద్దు."

ఆయన నన్ను వదిలేయలేదు. కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఏడాది పొడుగునా నెల తప్పకుండా ఆసుపత్రి గేటు దాకా తీసుకుపోయి దించాడు. గేటు లోపలికి మాత్రం ఒక్కసారీ రాలేదు. గుడియాత్తం వాళ్ళు ఎవరైనా చూస్తారని భయం. మునిరత్నం మేస్త్రి భార్యకు ఫలానా రోగం అంటే గృహప్రవేశానికి మేస్త్రిని పిలిచి బట్టలు పెట్టే వాళ్ళుండరు. అది నాకూ తెలుసు.

నేను మాత్రలు వంటింటి అలమరలో పెట్టిన రెండో రోజు, మా అత్త ఆ అట్టను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఉన్నచోటనే పెట్టింది.

"ఏం మాత్రలమ్మా ఇవి?"

"నరాలకత్తా. వీక్‌నెస్ అంట."

"సరే," అంది. ఆ సాయంత్రం కొత్త స్టీలు తట్ట, గ్లాసు కొనుక్కొచ్చింది. "ఇంగ నువ్వు దీంట్లో తినమ్మా. వంట గూడ నేను చూసుకుంటా. చెయ్యి బాగలేదు గదా నీకు," అంది. ఎంతో మెత్తగా అంది. వినేవాళ్ళు ఎంత మంచి అత్త అనుకుంటారు. నేను మాత్రం ఆ తట్ట కడిగి వేరే గూట్లో బోర్లించాలని ఆమె చెప్పకుండానే గ్రహించాను. చదువురాని మనిషికి ఆ మాత్రలు ఏమిటో ఎట్లా తెలిసిందా అన్నది మాత్రం అంతుపట్టలేదు.

మార్గళి

ఆ మందుకు ఒళ్ళు నల్లబడుతుంది. రెండు నెలల్లో నా ముఖం మాడిన ఇటుకలా అయింది. "ఏం రేవతక్కా, ఎండలో ఇల్లు కట్టే పనికి పోతా ఉండావా?" అని అడిగేవాళ్ళు. నరాల మందు అని చెప్పేదాన్ని. జాకెట్లు ఇచ్చేవాళ్ళు ఒక్కొక్కరూ తగ్గారు. ఎవరూ కారణం చెప్పలేదు. బట్ట తెచ్చి, నా చెయ్యి చూసి, "ఇంకో దినం వస్తా" అని తిరిగి తీసుకుపోయేవాళ్ళు. వళ్ళి ఒకరోజు తన కత్తెర, టేపు సంచిలో వేసుకుని వాళ్ళమ్మకు ఒంట్లో బాగలేదని చెప్పి పోయింది. మళ్ళీ రాలేదు.

మార్గళిలో, మన ధనుర్మాసపు చలిలో, ఒక తెల్లవారుజామున జ్వరంతో లేచాను. మోచేతి దగ్గర నరం నిప్పు పెట్టినట్టు మండుతోంది. స్పర్శే లేని చెయ్యి అంత నొప్పి ఎట్లా పుట్టిస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాలుగు రోజుల్లో రెండు వేళ్ళు ముడుచుకున్నాయి. చచ్చిన క్రిములకు ఒళ్ళు ఎదురుతిరుగుతోందని, రోగం ముదిరిందని కాదని ఆసుపత్రిలో చెప్పి వేరే మాత్రలు ఇచ్చారు. వాటికి ముఖం ఉబ్బింది. ఎదురింటామె చూసి, "ఇప్పుడు కొంచిం ఒళ్ళు చేసినావు, బాగుండావు," అంది. నవ్వాను. ఆ వారమంతా నేను చచ్చిపోతే బాగుండునని అనుకుంటున్నాను. ఎట్లా అన్నది కూడా ఆలోచించాను. అది ఇక్కడ రాయను.

హేమకు అప్పుడు పదిహేనేళ్ళు. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి సంచి కూడా దించకుండా నా దగ్గర కూర్చుంది.

"అమ్మా, నీది లెప్రసీ గదా?"

నేను కుడిచెయ్యి కొంగు కిందికి జరుపుకున్నాను.

"మా సైన్స్ పుస్తకంలో ఉండాది. బ్యాక్టీరియా, అంతే. టీబీ మాదిరి. మందుండాది. దీనికి పోయి అవ్వ ఎందుకిట్ల చేస్తా ఉండాది?"

ఆ మాట ఇంగ్లీషులో విన్నప్పుడు దానికి వాసన లేదు. బడి పుస్తకంలో బొమ్మ పక్కన రాసిన పేరులా ఉంది. ఆ ఒక్క పూట నేను పరీక్షలో జవాబు రాయగలిగిన జబ్బుతో ఉన్నాను. హేమ నా ముడుచుకున్న వేళ్ళను తన వేళ్ళతో చాచి చూసింది. అది నా బిడ్డ మంచితనం. మర్నాటి నుంచి తన తువ్వాలు తన గదిలోనే ఆరేసుకోవడం మొదలుపెట్టింది. స్నేహితురాళ్ళను ఇంటికి తీసుకురావడం మానేసింది. తెలిసినంత మాత్రాన భయం పోదని నేను ఆ పిల్లను చూసి నేర్చుకున్నాను. దాన్ని తప్పుపట్టను. నేను మాత్రం వేరేగా ఉండేదాన్నా?

వేళ్ళకు పట్టీ వేయించుకోవడానికి వారం వారం వేలూరు పోవలసి వచ్చేది. ఆ వరండాలో ఒకసారి ఒక బెంగాలీ ఆమె నా పక్కన కూర్చుంది. ఆమెకు తమిళం రాదు, తెలుగు రాదు. నాకు ఆమె భాష రాదు. రెండు గంటలు అట్లాగే కూర్చున్నాం. ఆమె నా చెయ్యి తీసుకుని, తిప్పి చూసి, తన పాదం మీది కట్టు చూపించింది. సంచిలోంచి కమలాపండు తీసి, ఒలిచి, తొనలు ఒక్కొక్కటీ నా మంచి చేతిలో పెట్టింది. మా ఇద్దరి మధ్యా ఆ రోగానికి ఒక్క పేరు కూడా లేదు. ఆ ఏడాదిలో నేను ఏడవకుండా, దాచకుండా ఒక మనిషి పక్కన కూర్చున్నది ఆ రెండు గంటలే.

ఆమెను లోపలికి పిలిచారు. లేచి, గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. అప్పుడు చూశాను. మెత్తటి నల్ల రబ్బరు అడుగు, మడమ వెనక పట్టీ, పైన అంటించే రెండు పట్టీలు. ఆ గోడ వెంబడి అట్లాంటివే వరసగా ఇరవై జతలు ఉన్నాయి. ఎస్తర్ సిస్టర్‌ను అడిగితే, స్పర్శ లేని పాదాలకు పుండ్లు పడకుండా ఇక్కడే కుట్టించి ఇస్తామని చెప్పింది.

మా అత్త చెప్పులు అవే. ఆమెకు ఎడమ పాదంలో రెండు వేళ్ళు లేవు. షుగరు వల్ల తీసేశారని నేను పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ వింటున్నాను. చెప్పులు ఆంబూరులో చెప్పుల కంపెనీలో పనిచేసే చుట్టం ఒకడు ప్రత్యేకంగా చేయించి ఇస్తాడని ఆమె అందరికీ చెప్పేది.

తై

సంక్రాంతితో మొదలయ్యే తై నెల దాకా ఆ చెప్పుల సంగతి ఎత్తలేదు. ఇంట్లో వాళ్ళందరినీ ఒకసారి తీసుకొచ్చి పరీక్ష చేయించమని సిస్టర్ అడుగుతూనే ఉంది. హేమను తీసుకుపోయాను. మచ్చలేవీ లేవన్నారు. మా ఆయన నాకేం లేదంటూ తప్పించుకున్నాడు. సిమెంటు తిన్న ఆ చేతుల్లో మచ్చ ఏదో, కాయ ఏదో ఎవరికి తెలుసు. ఇప్పటికీ ఆయన చూపించుకోలేదు.

ఒక మధ్యాహ్నం మా అత్త వసారాలో కూర్చుని మునగాకు దూస్తోంది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

"అత్తా, ఈ చెప్పులు యాడివి?"

"ఆంబూరువని చెప్పినా గదా."

"ఆసుపత్రి రూము బయట ఇట్లాంటివి ఇరవై జతలు ఉండాయి."

ఆమె చెయ్యి ఆగలేదు. ఆకు దూస్తూనే ఉంది. ఒక కొమ్మ అయ్యాక ఇంకో కొమ్మ తీసుకుంది.

"చూసింది చూసినావు," అంది చివరికి. "వాడికి చెప్పొద్దు."

"ఆయనకు తెలీదా?"

"వాడికి అప్పుడు మూడేండ్లు. లత్తేరిలో ఉంటిమి. కాలికి ముల్లు దిగినా నాకు తెలీలా. నెలకొగ దినం లత్తేరి స్టేషన్లో రైలెక్కి కాట్పాడిలో దిగి ఆసుపత్రికి పోతాంటి. చింతపండు అమ్మేదానికి అని చెప్తాంటి. బుట్టలో పైన చింతపండు, అడుగున మాత్రలు. రెండేండ్లు పోయినా."

"మీ ఇంటాయనకు గూడ చెప్పలేదా?"

"చెప్పింటే నేను ఈ ఇంట్లో ఉందునా? నువ్వు నాకు కోడలుగా వచ్చిందువా?" అంది. "యేళ్ళు తీసేసినప్పుడు షుగర్ అని చెప్పినా. షుగర్ అంటే పోయిన చోటల్లా కాపీలో చక్కెర తగ్గించి ఇస్తారు. దీని పేరు చెప్తే కాపీనే ఇయ్యరు."

ఆమెకు షుగరు లేదు. అసలు ఎప్పుడూ లేదు. ముప్పై అయిదేళ్ళు చక్కెర లేని కాఫీ తాగింది.

నాకు కోపం వచ్చింది. ఆమె నుంచే నాకు వచ్చిందేమో అన్న అనుమానం కాదు. అది ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేమని, ఆమె మందు పూర్తిగా తీసుకుని ఉంటే ఆమె నుంచి రాదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. నా కోపం వేరే.

"మరి నా తట్ట ఎందుకు వేరే పెట్టినావత్తా? మందేసుకుంటే అంటదని నీకు తెల్సు గదా."

"తెల్సు గాబట్టే పెట్టినా." ఆమె మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "అందరూ భయపడతా ఉంటే నేనొగదాన్ని భయపడకపోతే, నీకెట్ల తెల్సునని అడగరా?"

ఆ తర్వాత మాకు ఒక అలవాటు ఏర్పడింది. మధ్యాహ్నాలు మా ఆయన పనికీ హేమ బడికీ పోయాక, అత్త తలుపు గడియ వేసేది. నా చెయ్యి గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, నూనె రాసి, తన తొడ మీద పెట్టుకుని ముడుచుకున్న వేళ్ళను ఒక్కొక్కటిగా చాచేది. ఆసుపత్రిలో నేర్పినదానికంటే బాగా చేసేది. పొయ్యి మీది గిన్నె దించేటప్పుడు చెయ్యిని నమ్మొద్దని, కంటితో చూసి దించమని, రోజూ పడుకునే ముందు చేతులు దీపం దగ్గర పెట్టి గాయాలున్నాయేమో వెతుక్కోమని చెప్పేది. ఇద్దరం ఒకే తట్టలో తినేవాళ్ళం. గేటు చప్పుడయితే ఆమె లేచి దూరంగా పోయి కూర్చునేది. నేను నా తట్ట, నా గ్లాసు తెచ్చుకునేదాన్ని. మా ఆయన లోపలికి వచ్చేసరికి మేము ఎడమొగం పెడమొగంగా ఉండేవాళ్ళం. "కొంచిం సర్దుకోని పోండి," అనేవాడు పాపం, మాకు పడడం లేదనుకుని.

మొదట్లో అది నాకు ఊరటగా ఉండేది. తర్వాత భయం వేయడం మొదలయింది. ఆమెకు డెబ్బై దాటాయి. రోగం పోయి ముప్పై అయిదేళ్ళు. ఇంకా గేటు చప్పుడుకు లేస్తోంది. నాకు ముప్పై ఏడు.

రెండేళ్ళ తర్వాత, ఆవణి

ఏడాది మందు పూర్తయింది. ఆరు నెలల తర్వాత ఎస్తర్ సిస్టర్ ఒక కాగితం నింపి ఇచ్చింది. చెయ్యి పడిపోయిన వాళ్ళకు ప్రభుత్వం గుర్తింపు కార్డు ఇస్తుందని, బస్సు పాసు, చిన్న సాయం దొరుకుతాయని చెప్పింది. కుట్టుపని పోయిన దానికి అది అవసరమే. మా ఆయన వద్దనలేదు, పొమ్మనలేదు. అత్త మాత్రం, "నేను గూడ వస్తా. ఒగదానివే పోవద్దు," అంది.

వేలూరులో ఒక బడి హాల్లో క్యాంపు పెట్టారు. ముఖద్వారం మీద పెద్ద గుడ్డ కట్టి ఉంది. తమిళంలో "మాట్రుత్తిరనాళిగళ్" అని రాసి ఉంది. వేరే రకమైన శక్తి ఉన్నవాళ్ళు అని దాని అర్థం. ఇదివరకు ఊనమైనవాళ్ళు, అంటే అవిటివాళ్ళు, అనేవాళ్ళు. ఎవరో మంచి మనసుతో కొత్త మాట కట్టారు. ఆ మాట చదివి నాకూ కొంచెం ధైర్యం కలిగింది. లోపల వందల మంది కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. కర్రలు, చక్రాల కుర్చీలు, నల్ల కళ్ళద్దాలు, సైగలతో నవ్వుకుంటున్న ఆడపిల్లలు. నా పక్కన ఒక తల్లి, కాళ్ళు సన్నగా ఉన్న పదేళ్ళ కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా చెయ్యి చూసి, "ఏమైంది, అక్కా?" అని తమిళంలో అడిగింది. "నరాలు," అన్నాను. ఆమె అయ్యో అని, కూతురి కోసం తెచ్చుకున్న మురుకులు నా వైపు చాచింది. ఒకటి తీసుకున్నాను.

వేదిక మీద ఒకతను జాబితా చూసి మైకులో పిలుస్తున్నాడు. కఠినమైన మనిషి కాదు. నవ్వుముఖం. పేరు, ఊరు, దాంతోపాటు కాగితంలో ఉన్న రకం కూడా చదువుతున్నాడు, ఒకే పేరు వాళ్ళు పొరపడకుండా. చూపు లేనివారు, వినికిడి లేనివారు, కాలు దెబ్బతిన్నవారు. ఒక్కొక్కరే లేచి పోతున్నారు. నా కాగితంలో ఏమి రాసి ఉందో చూసుకున్నాను. తమిళం కూడబలుక్కుని చదివాను. చెయ్యి అన్న మాట అందులో లేదు. తొళునోయి నుంచి గుణమైనవారు అని ఉంది. కాలు పోయినవాళ్ళకు లారీ కింద పడినవారు అని రాయలేదు. చూపు పోయినవాళ్ళకు ఏ జ్వరం వల్ల పోయిందో రాయలేదు. నాకు మాత్రం నాలో లేని రోగంతో పేరు పెట్టారు. అది పోయిందని రాయడానికైనా దాన్నే రాయాలి.

"తొళునోయిలిరుందు గుణమడైందవర్," అన్నాడు మైకులో. "రేవతి, గుడియాత్తం."

హాల్లో చప్పుడు ఏమీ మారలేదు. పిల్లలు అట్లాగే అరుస్తున్నారు. పక్కనున్న తల్లి మాత్రం, ఎవరా అని, తలెత్తి చుట్టూ చూసింది. చూస్తూనే కూతుర్ని దగ్గరకు లాక్కుంది.

నేను లేవాలనుకున్నాను. ఇది నిజం. కాళ్ళు నేల మీద ఆన్చాను కూడా. మురుకు ఇంకా నా మంచి చేతిలో ఉంది.

"రేవతి, గుడియాత్తం," అన్నాడు మళ్ళీ. ఈసారి రకం ముందు చెప్పలేదు, తర్వాత చెప్పాడు.

నా కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. ఎందుకో కిందికి చూశాను. మా అత్త చెయ్యి దాని మీద ఉంది. ఎప్పుడు పెట్టిందో తెలియదు. వేళ్ళు తెల్లబడేట్టు గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. ఆమె నా వైపు చూడడం లేదు. వేదిక వైపు, మిగతా అందరిలాగే, ఎవరు లేస్తారా అన్నట్టు చూస్తోంది.

మూడోసారి పిలిచాడు. ఎవరూ లేవలేదు. కాగితం కింద పెట్టి, తర్వాతి పేరు పిలిచాడు. వెనక వరసలోంచి ఎవరో కర్ర చప్పుడు చేస్తూ లేచి పోయారు.

ఆ చెయ్యి అట్లాగే నా చేతి మీద ఉంది. లేవవద్దని ఆపుతోందో, నేనున్నానని చెబుతోందో, కళ్ళతో చూసి తెలుసుకునే సంగతి కాదు. తాకితే తెలియాలి. నాకు తెలియలేదు.